పత్తి గుట్ట మీద పక్క

రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డు పల్లెలో పుట్టి పెరిగిన జీవమ్మకు ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా తాను ఊపిరి పీలుస్తున్నానన్న సంగతే తెలియదు. ఎవరికి మాత్రం తెలుస్తుంది? సాఫీగా సాగినన్నాళ్లు దాని ఊసెవరూ ఎత్తరు. ఆ తరువాత మాత్రం ఆమెకు లేచింది మొదలు అదే ధ్యాస అయింది.

పాస్టరయ్య కుదిర్చిన సంబంధం మీద, 1929 ఎండాకాలంలో, నందికొట్కూరుకు ఆమడ దూరంలో ఉన్న నల్లరేగడి పల్లెకు కోడలిగా వచ్చింది. భర్త లేవికి మూడెకరాల చేను. నోట్లో నాలుక లేని మనిషి. అత్త విశ్వాసమ్మ. ఈమె గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకుంటే పోనుపోను మీరు ఆమెను ఆడిపోసుకుంటారు. కోడలిని పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. సంగటి ముద్ద మీద నెయ్యి కోడలికే ఎక్కువ వేసేది. ఆదివారం గుడిలో ప్రార్థన చేస్తే కొడుకు పేరుకన్నా ముందు కోడలి పేరు పలికేది. అలాంటి మనిషి చేతుల్లోనే జీవమ్మ చావు దాకా వెళ్లింది.

మొదటి ఏడాది పత్తి ఇంటికి చేరే వేళకు జీవమ్మ కాన్పుకని పుట్టింటికి వెళ్లిపోయింది. కూతురు పుట్టింది. రాహేలు అని పేరు పెట్టారు. అయిదో నెలలో బిడ్డతో తిరిగొచ్చాక, కొర్రలు తూర్పారబట్టే రోజుల్లో తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటా రెండా, పది, పదిహేను. కళ్లు దురద, ముక్కు కారడం. ఎదురింటి పుల్లన్న బండి కట్టుకుని నందికొట్కూరుకు బయలుదేరబోతే సరిగ్గా అప్పుడే తుమ్మింది. అతను దిగి, మంచినీళ్లు తాగి మళ్లీ ఎక్కాడు. మళ్లీ తుమ్మింది. మూడోసారికి ఎద్దుల్ని విప్పేశాడు.

"ఏమప్పా లేవీ! నీ పెండ్లాం తుమ్ములు ఆపేదాకా నేను యాడికీ పోయేది లేదు. మధ్యాహ్నం బువ్వ మీ ఇంట్లోనే" అన్నాడు.

వీధంతా నవ్వింది. జీవమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వడం మళ్లీ ఎవరూ చూడలేదు.

సంక్రాంతి దాటాక పత్తి తీయడం మొదలైంది. ఆ ఊరి మిద్దెలు ఎలాంటివంటే ముందు గదిలో ఎడ్లు, వెనక గదిలో మనుషులు. ఆ మనుషుల గదిలోనే, ఒక మూలన పైకప్పు దాకా, కొనేవాళ్ల బండ్లు వచ్చేవరకు పత్తి పోసి ఉంచుతారు. వెలుతురుకు పైన ఒక్క గవాక్షి. చలికాలం కాబట్టి దాని మీదా బండ కప్పేస్తారు. పత్తి ఇంటికి చేరిన నాలుగో రోజు, తెల్లవారి లేచి కూర్చోబోయిన జీవమ్మకు ఊపిరి లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. ఎదలో పిల్లికూతలు. ఉన్న ఊపిరే బయటికి పోకపోతే కొత్తది ఎక్కడ పడుతుంది? మోకాళ్ల మీద చేతులు ఆన్చి, మెడ నరాలు ఉబ్బి, కళ్లు పెద్దవి చేసి అత్త వంక చూసింది. మాట రాలేదు. చచ్చిపోతున్నానని మాత్రం బాగా తెలిసింది.

ఇదీ క్షయేమోనని విశ్వాసమ్మకు భయం పట్టింది. ఆమె మొగుడు క్షయతో పోయాడు. కటిక నేల మీద చలికి పడుకుని పోయాడని ఆమె నమ్మకం. ఆయన పక్కలో పడుకున్న చంటివాడు, లేవికి తమ్ముడు, ఆరు నెలలు తిరక్కుండా తండ్రి వెనకే వెళ్లాడు. అందుకని ఆవేళ రెండు పనులు చేసింది. బిడ్డను ఎత్తుకుపోయి పక్కింటి ఓబులమ్మకు అప్పగించింది. పత్తి గుట్టను చదును చేసి, మీద బొంత పరిచి, కోడలికి మెత్తటి వెచ్చటి పక్క వేసింది.

"నా కోడలు నేల మీద పండుకునే పని ల్యా. వెచ్చంగా పండుకో తల్లీ" అంది. తలుపు మూసింది. వావిలాకు పొగ కూడా వేసింది.

జీవమ్మ ఆ మెత్తదనంలో కూరుకుపోయి, ఒక్కో ఊపిరినీ పెనుగులాడి తీసింది. ఓబులమ్మ గడప అవతల నుంచే చూసి తల ఆడించింది. "ఇది క్షయే విశ్వాసమ్మా. శానా మందిని చూసినా. బిడ్డను ఈ గడప తొక్కనీయొద్దు" అంది.

జీవమ్మకు చావు కన్నా ఆ మాటకే ఎక్కువ భయం వేసింది. రొమ్ములు పాలతో బరువెక్కి నొప్పి పెడుతుంటే, పక్కింట్లో బిడ్డ ఏడుపు వినబడుతుంటే, ఆమెకు కాళ్లు కదల్లేదు.

మూడో రోజు, ఓబులమ్మ మాటకు జడిసి, ఆమెను ఊరి బయట గరుసు మిట్ట మీదున్న రాతి కొట్టానికి మార్చారు. ఎప్పుడో పలుగూ పారా పెట్టుకోవడానికి కట్టింది. తలుపు లేదు, చుట్టూ రాళ్లు తప్ప పచ్చటి మొలక లేదు. ఇక్కడే చస్తానని జీవమ్మ తీర్మానించుకుంది. చావలేదు సరికదా, రెండో రోజుకు పిల్లికూతలు తగ్గాయి, నాలుగో రోజుకు మిట్ట దిగి తనే నీళ్లు తెచ్చుకుంది. సంగటి ఇవ్వడానికి వచ్చిన విశ్వాసమ్మ చేతులెత్తి దేవునికి స్తోత్రం చెప్పి, కోడలిని ఇంటికి తీసుకుపోయింది. మళ్లీ అదే పక్క. ఇంకాస్త ఎత్తుగా, ఇంకాస్త మెత్తగా. తెల్లవారేసరికి జీవమ్మ ఊపిరి మళ్లీ బిగుసుకుంది. మళ్లీ కొట్టం. మళ్లీ నయం. మళ్లీ ఇల్లు.

మూడోసారి కొట్టంలో కూర్చుని తేలిగ్గా ఊపిరి పీలుస్తుండగా ఆమెకు విషయం తట్టింది. తనను చంపుతున్నది అత్త వేసే పక్క. అత్త ప్రేమ తగ్గితే తప్ప తాను బతకదు. ఆ ప్రేమ తగ్గేది కాదు.

లేవితో చెప్పింది. అతను కాలి బొటనవేలితో నేల గీకుతూ, "పత్తి మనిషిని చంపుతాదా? ఊరు ఊరంతా పత్తిలోనే పండుకుంటాండాది గదా" అన్నాడు. బిడ్డను చూసి అప్పటికి ఆరు వారాలైంది. పాలు ఎండిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం, గుడి అయ్యాక, విశ్వాసమ్మ మళ్లీ పిలుచుకుపోవడానికి వచ్చింది. జీవమ్మ ఆమె వెంట నడిచింది కానీ గడప ముందర ఆగిపోయింది.

"అత్తా, నీ పక్క మీద పండుకుంటేనే నాకు ఊపిరి ఆడకుండా పోతాండాది. అది పత్తి వల్లే."

విశ్వాసమ్మ ముఖం చిన్నబోయింది. "నేను ఏసిన పక్కా? నా బిడ్డకు కూడా ఎయ్యలేదే అట్లాంటి పక్క! ఎవురు నూరిపోసినారు నీకు?"

"ఎవురూ ల్యా. నువ్వు బిడ్డను ఎత్తుకోనొచ్చి ఈడ నిలబడు. నేను లోపలికి పోయి పండుకుంటా. ఎండ వాకిట్లో ఆ గుంజ కాడికి వచ్చేలోపల నాకు ఊపిరి ఆగితే అది పత్తి. ఆగకపోతే క్షయే అనుకో. ఇంగ బిడ్డను అడగను."

లేవి వద్దనబోయాడు. ఆమె వినిపించుకోకుండా లోపలికి వెళ్లి, పత్తి మీదికెక్కి, ముఖం బొంతలో పెట్టి పడుకుంది. వాకిట్లో బిడ్డ గొంతు వినబడింది. ఏవో ముద్దు మాటలు, కొత్తగా నేర్చినవి.

కాసేపు గడిచింది. ఊపిరి బాగానే ఆడుతోంది. ఇంకాసేపు గడిచింది. బాగానే ఉంది. జీవమ్మకు అప్పుడు కలిగిన భయం అంతకుముందెన్నడూ కలగలేదు. ఎండ గుంజ దగ్గరికి వచ్చేస్తోందేమో! బాగున్నానంటే బిడ్డ పోయినట్టే. ఏ పీడనైతే తప్పించమని ఆరు వారాలు దేవుడి కాళ్లు పట్టుకుందో, దాన్నే ఇప్పుడు పంపమని వేడుకుంది. రెండు చేతులతో పత్తిని పీకి, ముక్కు దగ్గర నలిపి నలిపి పీల్చింది.

వచ్చింది. ఆమె అడిగిన దానికన్నా ఎక్కువే వచ్చింది. ఎద బిగుసుకుంది. లేవబోతే పత్తి కాళ్ల కింద కుంగిపోయింది. కేక వేద్దామంటే గొంతులో ఈల తప్ప ఏమీ లేదు. బయట లేవి ఎండ వంక చూస్తూ, చెప్పిన మాట తప్పకుండా అలాగే నిలబడి ఉన్నాడు. మంచివాళ్లతో ఇదే చిక్కు.

ఈల విని విశ్వాసమ్మ తొంగిచూసింది. కోడలి పెదవులు నల్లబడి ఉన్నాయి. అంతే, చంకలో బిడ్డ ఉందన్న సంగతే మరిచి లోపలికి దూకింది. ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో కోడలి జబ్బను పట్టుకుని ఈడ్చింది. అప్పటికి లేవి పరుగున వచ్చి రెండో జబ్బ పట్టాడు. వాకిలి దాటించి, వీధి దాటించి, గాలి తగిలే చోట గోడకు ఆనించి కూర్చోబెట్టారు. బిడ్డను లేవి చేతికిచ్చి, కోడలి ఒంటి మీది పత్తినంతా విశ్వాసమ్మ గోళ్లతో రక్కినట్టు దులిపింది.

పొద్దు వాలేదాకా జీవమ్మకు ఊపిరి దారికి రాలేదు. మధ్యలో ఒకసారి ఆగిపోయిందనే అనుకున్నారు. మెల్లగా, ఒక్కోటి ఒక్కోటి, తేలికపడుతూ వచ్చింది. పెదవులకు రంగు వచ్చింది.

"నేనే" అంది విశ్వాసమ్మ. "దినామూ నా చేతులతో నేనే పండబెడతా వచ్చినా." ఆమె ఏడవలేదు. చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయింది. తరువాత లేచి, బిడ్డను తెచ్చి జీవమ్మ ఒడిలో కూర్చోబెట్టింది.

బిడ్డ ఆ ముఖం వైపు కాసేపు కన్నార్పకుండా చూసింది. పెదవి విరిచింది. గుక్కపట్టి ఏడుస్తూ, రెండు చేతులూ చాచి, నాయనమ్మ మీదికి దూకబోయింది.

జీవమ్మ చేతులు వదులయ్యాయి. ఊపిరి కోసం అంత పెనుగులాడిన మనిషికి బిడ్డను పట్టుకోవడానికి బలం చాలలేదు. విశ్వాసమ్మ చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి. సగంలో ఆగాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని, చంకల్లో దోపుకుని, గిరుక్కున తిరిగి, వీధి దాటి, ముందు గదిలోని ఎడ్ల గాడి అవతలికి, బిడ్డకు కనబడని చోటికి వెళ్లి, నేల మీద కూర్చుంది. బిడ్డ ఏడుపు వింటూ కూడా అక్కడి నుంచి కదల్లేదు.

బిడ్డ చాలాసేపు ఏడ్చింది. నాయనమ్మ ఎంతకీ కనబడకపోయేసరికి అలిసి, ఇంకా కూతలు పెడుతున్న తల్లి ఎద మీదే తల వాల్చి నిద్రపోయింది.