కోయని పుటల్లోని దుబాసీ

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే టీ పెట్టే నెపంతో లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే ఏమైనా అనుకోండి.

నాంపల్లిలో పెద్దమ్మా నేనూ కిరాయికి ఉంటాం. నేను అనువాదాలు చేస్తాను. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిజాంల కాలంలో ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీలో ఏదో చిన్న పదవి వెలగబెట్టిన దొర, గోదావరి అడవుల్లో తిరిగి రాసుకున్న యాత్ర. ప్రతి దారీ తానే కనిపెట్టానంటాడు. ముందు నడిచి దారి చూపింది మాత్రం అతని మాటలు తర్జుమా చేసే దుబాసీ, మన తెలుగువాడే.

సగం నుంచి ఆ పుస్తకం పుటల అంచులు కోయలేదు. అప్పట్లో పుస్తకాలు అలాగే వచ్చేవి, చదివేవాళ్లే కత్తితో విడదీసుకోవాలి. అంటే ఆ భాగం అంతవరకు ఎవరూ చదవలేదు.

నేను ఏది రాసినా ముందు పెద్దమ్మకు నోటితో తెలుగులో చెబుతాను. ఆమెకు అర్థమైతేనే కాగితం మీద పెడతాను. నన్ను పెంచింది ఆమే. మెదక్ మనిషి, తెలుగు బైబిలు తప్ప ఇంకో పుస్తకం ముట్టలేదు.

ఆ మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది. దుబాసీకి జ్వరం తగిలిందన్న చోట కోసిన పుటలు అయిపోయాయి. కత్తి కోసం లేచాను.

"గాయన్ను చింతచెట్టు కింద ఇడిసిపెట్టిన్రు," అంది పెద్దమ్మ. "రెండు దినాల బియ్యం పెట్టి పోయిన్రు. పానం ఇంకా పోలే."

కోసి చూశాను. చింతచెట్టు. రెండు రోజుల బియ్యం.

ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టలేదు. "మల్ల ఆయన కోసం ఎవరన్న పోయిన్రా?" అని ఒకటే అడగడం.

మిగతా పుటలన్నీ కోసి చదివాను. దొర ఊరు చేరాడు, విందు తిన్నాడు, పై అధికారుల మెప్పు పొందాడు. దుబాసీ ఊసే లేదు. మా బంధువులందరినీ అడిగాను, మా వంశంలో దుబాసీలెవరూ లేరు. మూడో రోజు పెద్దమ్మను చూసి భయమేసి అబద్ధమాడాను. పల్లకీ పంపి తీసుకొచ్చారని చెప్పాను.

ఆమె నా తల నిమిరింది.

"రాలే బిడ్డా. శానసేపు ఎదురుచూసిన."

తర్వాత అన్నం పెట్టమంది, తిన్నది. ఇప్పుడడిగితే ఆ మాటలేవీ గుర్తు లేవంటుంది. ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఈరోజుకీ అంతు చిక్కలేదు. ఎవరూ పోలేదని మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. ఆ మనిషి గురించి దొర తర్వాత అబద్ధమాడింది నేనే.