పోలమ్మకు తొంభై మార్కులు

కాగల కార్యం గంధర్వులు తీరుస్తారట. చెడగల కార్యానికి అంతమంది అక్కర్లేదు, లెక్కల పిచ్చి ఉన్నవాడొక్కడు చాలు. డెబ్బైల చివర్లో, యారాడ అనే సముద్రపు ఒడ్డు పల్లెలో, ఆ ఒక్కణ్ణి నేనే.

అప్పట్లో రేవులో ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చి సీతమ్మధారలో గది తీసుకున్నాను. పగలు బస్తాలు, సాయంత్రం గదిలో బల్లులు లెక్కపెట్టేవాణ్ణి. నాతో మాట్లాడే మనుషుల్ని లెక్కపెడితే మాత్రం ఒక చేతి వేళ్లు కూడా మిగిలిపోయేవి. అందుకే తెలిసిన డాక్టరుగారు, "కేన్సరు నయమై ఇంటికెళ్లినవాళ్లు ఎలా ఉన్నారో ఆదివారాలు చూసి రాగలవా?" అనగానే ఎగిరి గంతేశాను.

ఆయన చూసి రమ్మన్నారు. మార్కులు వెయ్యమనలేదు. ఆ తెలివి నా సొంతం. స్నానం, వంట, నీళ్లు, జడ అంటూ పది ప్రశ్నలు రాసుకున్నాను. ఒంటరిగా చేస్తే పది, సాయంతో అయితే మూడు, చేయలేకపోతే సున్నా. పదో ప్రశ్న, నలుగురిలో కలవడం. అది ఒంటరిగా ఎలా చేస్తారయ్యా అని మీరు అడుగుతారు. అప్పుడు అడగడానికి నాకు ఎవరున్నారు!

మొదటి ఇల్లు యారాడలో చేపలమ్మే పోలమ్మది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటుతో అంగిట్లో పుండు లేచి, ఆపరేషనై బతికి బయటపడింది. మెడ దగ్గర కోసినందున కుడిచెయ్యి పైకి లేవదు.

"నీళ్లెవరు తెస్తారు?"

"పక్కింటి బంగారమ్మ తెత్తాది బాబూ."

"జడ?"

"అదే ఏత్తాది. పేలు సూత్తానని ఒంకెట్టి గంటసేపు కూకుంటాది."

"మూడు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ?"

"రానంటే ఊరుకుంటారేటి? సెయ్యట్టుకుని లాక్కుపోతారు."

"మూడు!"

స్నానం ఒక్కటే తనంతట తాను చేస్తుందట. మొత్తం ముప్పై ఏడు. గుమ్మంలో నిలబడ్డ బంగారమ్మ మీద విరుచుకుపడ్డాను.

"మీరు ముట్టుకున్న ప్రతిసారీ ఈమెకు ఏడు మార్కుల నష్టం! ఇకమీదట ఎవరూ ముట్టుకోకండి."

"ఓలమ్మో! ఆస్పత్రోరు సెప్పినాక ఇంకా ముట్టుకుంటామేటి?" అంటూ బంగారమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

నెల తర్వాత వెళ్లాను. పోలమ్మ ఎడమచేత్తో నీళ్లు మోసుకుంటోంది, ఎడమచేత్తోనే దువ్వుకుంటోంది. జడ, తుఫానుకు తెగిన వలలా ఉంది. తొమ్మిది ప్రశ్నలకూ పదేసి, పదోదానికి సున్నా. తొంభై!

"క్లాసు ఫస్టొచ్చారు, పోలమ్మగారూ!"

ఆమె నవ్వలేదు. "నెల్లాళ్లయి ఈ గుమ్మం ఎవులూ తొక్కనేదు బాబూ. ముట్టుకోవద్దన్నావు కదా, రోగం అంటుకుంటాదని బయపడిపోనారు. మాటలు మరిసిపోతానని సేపల్తో మాటాడతన్నాను."

ఏదో ఒకటి అనాలి కదా, "ఒంటరిగా చేసుకోవడమూ గొప్పేనండీ. నాకు నేను వేసుకున్నా సరిగ్గా తొంభయ్యే వచ్చింది" అన్నాను.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకూ మెడ కోసీసినారేటి బాబూ?"

పెన్సిలు జేబులో పెట్టి పక్కింటికి పరిగెత్తాను.

"బంగారమ్మగారూ, అది అంటురోగం కాదండీ. తప్పు నా లెక్కది."

"నీ లెక్క సంద్రంలో ఇసిరెయ్! నెల్లాళ్లు దాన్ని ఒంటరిని సేసినావు కదరా!" అని దువ్వెన పట్టుకుని నన్ను తోసుకుంటూ వెళ్లింది. "ఒలే పోలీ, ఆ జడేటే? కాకులు గూడెట్టినాయా?"

వెనకే మరో నలుగురు వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, గుమ్మం బయట నిలబడి మార్కులు మళ్లీ లెక్కగట్టాను. ముప్పై ఏడు.

కాగితం చూసి డాక్టరుగారు కంగారుపడ్డారు. "తొంభై నుంచి ముప్పై ఏడా! రోగం తిరగబెట్టిందా?"

"లేదండీ. ఇప్పుడే పూర్తిగా నయమైంది."

ఆనాడే సముద్రం సాక్షిగా శపథం చేశాను, ఒంటరిగా చేసిన పనికి ఏ మనిషికీ ఇక పది వెయ్యనని. ఇంతవరకూ తప్పలేదు. నా తొంభై మాత్రం చాలా ఏళ్లు ఒక్క మార్కు కూడా తగ్గలేదు.