పొట్టు పోసిన బావి మీది ట్యాంకు

మా ముత్తాత నాలుగు ఊళ్లకు పోలీస్ పటేల్. తాత జమ్మికుంట పక్కన పత్తి గింజల నూనె మిల్లు పెట్టాడు. పత్తి మార్కెట్ యార్డులో ఆయన వచ్చేదాకా ధర తెగేది కాదు. దయ్యాల మాట ఎత్తినవాణ్ని మా అరుగు మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు. నేనూ ఆ ఇంటివాణ్నే.

మూడో నూనె ట్యాంకుకు చోటు చాలక, తాత తర్వాత మిల్లు నడిపిన మా బాపు మిల్లు వెనుక పాత బావిని పూడ్పించాడు. గట్టిపడే మొరం మట్టి తెప్పించలేదు. మిల్లులో ఊరికే దొరికే గింజల పొట్టు, బాయిలర్ బూడిద పోసి తొక్కించాడు. ట్యాంకు సగం గట్టి నేల మీద, సగం ఆ బావి మీద నిలిచింది. ఏళ్లకు పొట్టు కుళ్లి దక్షిణం వైపు దిగసాగింది. మేస్త్రీ యాకూబ్ నీళ్ల పైపుతో మట్టం చూసి జానెడు తేడా చూపించాడు. బాపు కట్టించింది ఒరగదన్నాను.

ఖాళీ ట్యాంకులోకి కూలీలకన్నా ముందు ఇంటివాడు దిగాలన్నది మా పద్ధతి. ఒక మధ్యాహ్నం అడుగురేకు చూడటానికి దక్షిణం వైపు గోడకున్న మూత తీయించి నేనే దూరాను. నాలుగడుగులు వేశానో లేదో కింద ఏదో కుంగింది. కీలు మీద వేలాడే ఇనుప మూత దానంతట అదే వచ్చి పడింది. చట్రం వంకరపోయి బిగుసుకుంది. బయట పలుగులు పెట్టినా కదల్లేదు.

చీకటి, నూనె వాసన, ఎండకు కాగిన ఇనుము. గాలి చాలడం లేదు. కూలీలు వినేలా అరవడం నాకు నామోషీ. ఆ మూత పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాను. వీపు కాలుతోంది.

అప్పుడు ఉత్తరం వైపు మూడు దెబ్బలు వినిపించాయి. ఆగి, మళ్లీ మూడు. ఏళ్లుగా తీయని రెండో మూత అక్కడుంది. వాళ్లే పిలుస్తున్నారనుకుని తడుముకుంటూ అటు పోయాను. వెనుక, నేను నిలబడ్డ చోట అడుగురేకు చిరిగి బావిలోకి వంగింది.

బయట యాకూబ్ గొంతు. "పటేలా, జర కొట్టుడు ఆపుండ్రి. మీరు గీడున్నరని తెలిసింది. బోల్టులు ఇప్పుతున్నం."

నేను కొట్టలేదు. బయటికి వచ్చాక అడిగితే వాళ్లూ కొట్టలేదన్నారు. లోపలి చప్పుడు వినే అటు వచ్చారట. యాకూబ్ నా అరచేతులు తిప్పి చూశాడు.

"ఉత్త చేతులతోని ఇనుము గట్ల మోగదు పటేలా. సుత్తి ఏది?"

సుత్తి లేదు. ఇనుము ఎండకు సాగితే మోగుతుందని తర్వాత వచ్చిన ఇంజనీరు చెప్పాడు. లెక్కగా మూడేసి దెబ్బలు ఎలా మోగాయో నాకు ఇప్పటికీ తెలియదు. బాపు తప్పు చేశాడని మాత్రం ఆ రోజు అందరి ముందూ ఒప్పుకున్నాను.

పోయిన ఎండాకాలం మూడు ట్యాంకులనూ పాత ఇనుము కింద అమ్మేశాం.