ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా

నా ముఖం మీద గుంటలు పడింది ఇంటర్‌లో. మొటిమలు వచ్చి పోయాయి, వాటి గుర్తులు మాత్రం ఉండిపోయాయి. ఇంటికి ఏ చుట్టం వచ్చినా నా గడ్డం పట్టుకుని చూసి, "అచ్చం తండ్రి పోలికే" అనేవాళ్లు. నిజమే. నాయిన రెండు చెంపల నిండా అవే గుంటలు. ఆయన బాలానగర్‌లో ఓ వర్క్‌షాపులో లేత్ మిషన్ నడుపుతాడు. వయసులో ఉన్నప్పుడు ఇనుప రజను అంటిన చేతులతోనే మొటిమలు గిల్లుకునేవాడట. అందుకని నా చేతుల్ని మాత్రం ముఖం మీదికి పోనిచ్చేవాడు కాదు. వారానికోసారి కాగితం పొట్లంలో ముల్తానీ మట్టి తెచ్చేవాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చాక వీడియో మీటింగుల్లో కెమెరా ఆపేసి మాట్లాడటం నాకు బాగా అబ్బింది. నెట్‌వర్క్ బాలేదన్న మాట నేనన్నన్నిసార్లు మా బిల్డింగ్‌లో ఇంకెవరూ అని ఉండరు. కొత్త ప్రాజెక్టులో రోజూ క్లయింటు ముందు ముఖం చూపించాలనేసరికి ఆ సాకు చెల్లలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, మందుల షాపు పైనున్న స్కిన్ క్లినిక్‌లో పేరు రాయించుకున్నాను. మైక్రోనీడ్లింగ్ అంటారు దాన్ని. సన్నటి సూదులతో చర్మమంతా పొడుస్తారు. ఆ గాయాలు మానేటప్పుడు గుంటలు కొంత పూడతాయి.

మొదటిసారి ఎవరినైనా తోడు తెచ్చుకోమన్నారు. ఆ శనివారం నాయిన మధ్యాహ్నమే పని వదిలేసి చందానగర్ ఇంటికొచ్చి, స్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకుని నన్ను బండి మీద తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడింది. మచ్చలు సగం వరకు తగ్గొచ్చు గానీ పూర్తిగా పోవని ముందే చెప్పింది. కంప్యూటర్లో రాసుకుంటూ, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి మచ్చలు ఉన్నాయా అండి?" అని అడిగింది.

"లేవండి" అన్నాను.

నాయిన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

మా ఆఫీసులో పొద్దున్నే మీటింగ్ పెట్టి, పనిలో ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడుగుతారు. ఉన్నా లేవనే చెప్తాం. ఉన్నాయంటే ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయి. ఆ అలవాటు కొద్దీ నోరు జారానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ తెల్లటి గదిలో నా పక్కనున్న ముఖానికి నేను సిగ్గుపడ్డాను. ఇదీ మిగతా సగం.

డాక్టరమ్మ ఒక్కసారి ఆయన వైపు చూసి, మళ్లీ టైప్ చేసుకుంది. నాయిన జేబులోంచి మాస్కు తీశాడు. మిషన్ దగ్గర రజను ముక్కులోకి పోకుండా పెట్టుకునేది. చొక్కా మార్చినా అది కొత్త చొక్కా జేబులోకి మారుతుంది. దాన్ని ముక్కు మీదికి లాక్కుని, "నేను కింద ఉంట బిడ్డా, నువ్ చేపిచ్చుకో" అని లేచి వెళ్లాడు.

ముఖానికి మొద్దుబార్చే క్రీము రాసి ముప్పావుగంట పడుకోబెట్టారు. చెంపల మీద సూదులు పెద్దగా తెలియలేదు గానీ, నుదుటి మీదికి వచ్చేసరికి ఎముకకే గుచ్చినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పిగా ఉందా అని అడిగింది డాక్టరమ్మ. ఉందన్నాను.

దిగేసరికి ముఖమంతా కందిపోయింది. నాయిన మెట్ల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎండ తగలకూడదని నేను చెప్పనేలేదు, మందుల షాపులో అడిగి తెలుసుకున్నాడట. ఆయన నా మీద కోపం తెచ్చుకుని ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది.

నెలకొకటి చొప్పున ఐదుసార్లు చేశారు. తోడు అక్కర్లేదన్నా వినకుండా ఐదుసార్లూ ఆయనే తీసుకొచ్చాడు. మళ్లీ ఒక్కసారి కూడా పైకి రాలేదు. ఎప్పుడైనా నన్ను ఆఫీసు గేటు దగ్గర దింపినా మాస్కుతోనే ఉండేవాడు. అంతకుముందు ఊపిరాడదని దాన్ని తిట్టుకునే మనిషి. మూడోసారి తిరిగొస్తూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ధైర్యం చేసి వెనకనుంచి "నాయినా, ఆ రోజు..." అన్నాను.

"ఏ రోజు?"

"ఏం లేదు."

"ఫికర్ చెయ్యకు, మంచిగైతది" అన్నాడు. నేను మచ్చల గురించే అడుగుతున్నానని నిజంగా అనుకున్నాడో, అనుకున్నట్టు మాట్లాడాడో. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అన్నీ అయ్యాక ఓ నెలకి డాక్టరమ్మ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించింది. చెంపలు చాలావరకు నునుపుగా అయ్యాయి. లోతైనవి రెండు మూడు అలాగే ఉన్నాయి. సంతోషపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. ఫొటోలు ఫోన్లోకి పంపించుకుని కిందికి దిగాను.

నాయిన ఫోన్ దూరంగా పట్టుకుని పాత ఫొటోనే ఎక్కువసేపు చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"మంచిగైంది బిడ్డా" అన్నాడు. "ఇగ నిన్ను ఎవ్వలు అడగరు, ఇంట్ల ఇంకెవలకన్న ఉన్నయా అని."

మాస్కు పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. నవ్వుతూ అన్నాడో లేదో నాకు తెలియలేదు.