మా వాకిట్ల బోరు

కరోనాకు బడి బందైన ఏడు నాకు కూసుంటే కూసోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. రోగం భయం కాదు. మా మనుమరాలు అప్పుడే రెండో తరగతి దాటింది. దాని చదువు ఇంకా పచ్చి మీదనే ఉంది. రాయకుంటే అక్షరాలు పోతయని నాకు ఎవలు చెప్పనక్కరలేదు. పొదుపు సంఘంల అందరి ముంగట ఏలుముద్ర వేసుడు నామోషీ అనిపించి, తల నెరిసినంక పలక పట్టినదాన్ని నేను. పత్తి ఏరే దినాలల్ల పలక ముట్టక, ఏరుడు అయిపోయినంక పుస్తకం తెరిస్తే సగం అక్షరాలు నన్ను గుర్తు పట్టలేదు. పిల్లకు గూడ గట్లనే అయితదని నా గుబులు.

టీవీల పాఠాలు వచ్చేటియి. పిల్ల దానికి వీపు పెట్టి వాకిట్లకు ఉరికేది. పుస్తకం ముందట పెడితే కడుపు నొస్తుందనేది. కోడలేమో, "పోనీ అత్తమ్మా, బడి తెరిస్తే అదే వస్తది" అనేది. ఆ మాట ఇంటే నాకు ఇంకింత మండేది.

ఇంతకు వాకిట్ల ఆడేది ఏందంటే బోరు. మా దేవరకొండ దిక్కు బోరు బండి రాని ఎండాకాలం ఉండదు, పిల్లలు ఇంకేం ఆడుతరు. పక్కింటి అన్నదమ్ములల్ల పెద్దోడు బండి, మోతంతా నోటితోనే. చిన్నోడు రైతు, నెత్తికి తువ్వాల. జొన్నదంట్లు పైపులు. మా పిల్ల, అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నీళ్లు ఎక్కడున్నయో చూసే సారు. నేను కొబ్బరికాయ ఇయ్యనంటే ఉల్లిగడ్డ పెట్టుకొని అటు ఇటు నడిచి, "గీడుంది జల. ఏయిండ్రి" అనేది.

"పోయినపారి గట్లనే అన్నవు సారూ, దుమ్మే లేచింది" అన్నడు చిన్నోడు.

"నీ నసీబుల దుమ్ముంటే నేనేం చెయ్యాలె? దించు పైపు."

"పలక తీస్తవా, నిన్నే అండ్ల దించాల్నా?" అని నేను అరిస్తే, "ఆగు అవ్వా, రాయి తగిలింది" అని తల గూడ తిప్పకపోయేది.

నిజం బోరు ఏసేటప్పుడు పైపు పైపుకు లేచిన పొడిని వేరే వేరే కుప్పలు పోస్తరు. ఎంత లోతుల మట్టి పోయింది, ఎక్కడ రాయి వచ్చింది, ఎక్కడ తడి తగిలింది, రైతు వంగి ఆ కుప్పలల్లనే చూసుకుంటడు. పిల్లలు గది గూడ వదల్లేదు. ఎర్రమట్టి, సుద్ద, ఇటుక పొడి, తడిపిన బూడిద, వరుసగ పోసి పెట్టిన్రు. నా కంటికి అది చెత్త. తెల్లారంగనే వాకిలి ఊడ్చి పేడనీళ్లు జల్లిన.

పిల్ల లేచి వచ్చి చూసింది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు.

"బోరంతా ఊడ్చినవు. రైతుకు ఇప్పుడేం జూపియ్యాలె?"

మా రైతు చిన్నోడు తువ్వాల కట్టుకొని అప్పటికే గడప కాడ నిలబడ్డడు. "నాకు నీళ్లు పడ్డయా లేదా మరి?"

"పడ్డయి. నూట ఎనభై అడుగులకు" అన్నడు పెద్దోడు. "పైపుకు ఇరవై. తొమ్మిది దించినం."

"అండ్ల రెండు ఇరిగిన ముక్కలు. గా రెండు కలిస్తే ఒకటే పైపు" అన్నది మా పిల్ల. వేళ్లు మడుచుకుంట ఇరవై, నలభై, అరవై అని పోయి, "నూట అరవై" అని తేల్చింది. చాయ గిలాస పట్టుకొని నేను గూడ మనసుల లెక్క కడుతున్న. నేను ఇంకా నూరు కాడనే ఉన్న.

మల్ల గోడ ఎంబడి కుప్పలు పోసిన్రు. ఈసారి పిల్ల పొయ్యిలకెల్లి బొగ్గు తెచ్చి, ఒక్కొక్క కుప్పకు పైన గోడ మీద దాని పేరు రాసుడు మొదలుపెట్టింది.

"అవ్వా, సుద్దకు ఏ వత్తు?"

అన్ని దినాలు పలక పట్టుకొని ఎంబడి పడ్డా నన్ను ఒక్క అక్షరం అడగని పిల్ల. చెప్పిన. ఎర్రమట్టి రాసింది, ఇటుక పొడికి రాయి అని రాసింది, బూడిదకు తడి అని రాసింది. ఎవలు చెప్పకుంటనే చివరకు నేను చీపురు ఆనిచ్చే కాడ గోడ మీద ఇంకింత పెద్దగ రాసింది: "అవ్వ చదవాలె. ఇది బోరు. ఊడ్వద్దు."

మర్నాడు చీపురు తీసుకోబోయి దాని ముంగట నిలబడ్డ. వేలు పెట్టి మెల్లగ చదివిన. కుప్పలు వదిలిపెట్టి చుట్టూరా ఊడ్చిన.

కోడలు గోడ చూసి, "మొన్ననే గద అత్తమ్మా సున్నం ఏసింది, జర కడుగుండ్రి" అన్నది.

"నేను కడగ. నువ్వు గూడ కడగకు."

గుబులు పూరా పోయిందా అంటే పోలేదు. రేపు బోరాట మీద మోజు తీరితే ఏమాడుతదో, అండ్ల రాసే పని ఉంటదో ఉండదో. వంట అయినంక పొయ్యి ఆర్పి, గట్టి బొగ్గులు ఏరి గోడ పక్కకు పెట్టిన. రైతు అప్పటికే వచ్చి, ఇంకో బోరు ఎక్కడ ఏద్దామని సారును అడుగుతున్నడు.