కంప్యూటర్‌లో కూలిన మా పుట్టిల్లు

దయ్యాలనూ శకునాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగినదాన్ని. శ్మశానం పక్కన మంద వేసుకుని పడుకున్నదాన్ని. నన్ను భయపెట్టినవి పాములూ మనుషులే, ఇంకేవీ కాదు. నలభై దాటాక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

అప్పట్లో నేను మదనపల్లెలో మా కూతురు మంజుల ఇంట్లో ఉండేదాన్ని. సెల్‌ఫోన్లు ఊళ్ళలోకి ఇంకా సరిగా రాని కాలం. అల్లుడు శంకర ఇంటి ముందు గదిలో కంప్యూటర్లు పెట్టి నడిపేవాడు. కాలేజీ పిల్లలు వచ్చి ఆడుకుని పోయేవారు.

వాటిలో ఒక ఆట ఉండేది. దానిలో గెలవడం, ఓడడం లేదు. పిల్లలు ఇసుకలో కట్టుకున్నట్టు మనకు తోచిన ఇల్లు కట్టుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని సుత్తితో కొట్టొచ్చు, లారీతో గుద్దొచ్చు, బాంబు పెట్టి పేల్చొచ్చు. ఎక్కడ కొడితే అక్కడే పగులుతుంది. దూలం విరిగితే దాని మీద ఉన్నదంతా కిందికి వస్తుంది. కట్టేదే కూల్చడానికా, ఇదేం ఆట అని నేను తిట్టేదాన్ని.

ఒకరోజు పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నానికి గదిలో ఎవరూ లేరు. శంకర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ పుట్టిల్లు ఎట్లా ఉంటుందో చెప్పు, కట్టి చూపిస్తానన్నాడు.

ఆ ఇల్లు పుంగనూరు దగ్గర పల్లెలో ఉంది. మా నాయన కట్టిన మట్టిమిద్దె. అందులో మా చెల్లెలు రత్నమ్మ, ఆమె మొగుడు నాగప్ప ఉంటున్నారు. నేను చెబుతూ పోయాను, శంకర కడుతూ పోయాడు. ముందర పంచ, పక్కన వంటిల్లు, నడిమింట్లో పడమటి గోడ, ఆ గోడలో దీపం పెట్టే గూడు. ఆ గోడ వారన నేల చల్లగా ఉంటుందని నాగప్ప రోజూ అన్నం తిని అక్కడే చాప వేసుకుని పడుకుంటాడు. అది కూడా చెప్పాను. ఈ ఆటలో మనుషులను పడుకోబెట్టడం కుదరదని శంకర నవ్వాడు.

అంతా అయ్యాక చూస్తే అచ్చం మా ఇల్లే.

"పడగొట్టి సూపిచ్చేదా అత్తా?" అన్నాడు.

"మా నాయన కట్టిన ఇల్లప్పా. నా కండ్ల ముందర వద్దు," అన్నాను.

ఇంతలో మంజుల పిలిస్తే లోపలికి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. మౌస్ ముట్టలేదు. ముట్టినా దాన్ని కదపడం నాకు రాదు.

గూట్లో దీపం కనిపించింది. చిన్న వెలుగు. శంకర పెట్టాడేమో అనుకున్నాను. ఆ వెలుగు గాలికి ఊగినట్టు ఊగింది, సన్నబడింది, కొండెక్కింది. వెంటనే గూటి కింద మన్ను పిండిలాగా రాలడం మొదలైంది. గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చి కూర్చుండిపోయింది. దూలం పడమటి కొస ఊడి, నాగప్ప తల పెట్టుకునే చోట పడింది. ఆ ఆటలో చిన్న పెళ్ళ రాలినా చప్పుడు వస్తుంది. ఇది మాత్రం కిక్కురుమనకుండా జరిగింది.

కేక వేసి శంకరను పిలిచాను. అతను వచ్చేసరికి ఇల్లు నిలబడే ఉంది. గూడు చీకటిగా ఉంది. దీపం పెట్టావా అని అడిగితే, అసలు ఈ ఆటలో దీపమనే వస్తువే లేదన్నాడు. "కండ్లు మసకేసినట్టుండాయి అత్తా, పోయి పడుకో," అన్నాడు.

పడుకోలేదు. నాగప్ప అన్నం తినే వేళ అయింది. పల్లెలో పాల కేంద్రానికి ఒక ఫోన్ ఉండేది. దాన్ని చూసుకునే ఈశ్వరప్ప రత్నమ్మ ఇంటికి ఎదురిల్లే. అతనికి ఫోన్ చేయించాను.

తీరా అతను ఎత్తాక ఎట్లా చెప్పాలో తెలియలేదు. నిలబడి ఉన్న ఇంటిని కూలిందనో, కూలుతుందనో మావాళ్ళు నోటితో అనరు. అంటే ఆ మాట తగులుతుందంటారు. ఇవేవీ నమ్మనిదాన్ని, నాకేం పట్టింపు? అయినా ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"రత్నమ్మకు చెప్పప్పా. దీపం కొండెక్కింది, గోడ కాడ ఉండొద్దండి," అన్నాను.

వానకు లైను గరగరమంటోంది. సరే అమ్మా అని ఏదో అన్నాడు, తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే మోగనే లేదు. వాన పెద్దదైంది. నేను గడపకూ ఫోనుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు మంజుల నా వైపు చూసింది.

పొద్దు వాలే వేళ వీధి మలుపులో ఏడుపు వినిపించింది. రత్నమ్మ. తడిసి ముద్దయి, కొప్పు ఊడిపోయి పరుగెత్తుకొస్తోంది. వెనకాల నాగప్ప.

"ఎవురక్కా? ఎవురు పోయినారు? మంజుల యాడ?"

మంజుల తువ్వాలు పట్టుకుని బయటికి వస్తే, దాన్ని పట్టుకుని ఒళ్ళంతా తడిమింది.

అప్పుడు తెలిసింది. రత్నమ్మ పేరు తర్వాత ఈశ్వరప్పకు ఫోన్‌లో వినిపించింది రెండే మాటలు. దీపం కొండెక్కింది. దీపం ఆరిందనే మాటను మనం అట్లా అంటాం. మనిషి పోయినా అట్లాగే అంటాం. మదనపల్లెలో మీవాళ్ళింట్లో దీపం కొండెక్కిందంట అని అతను వాళ్ళకు చెప్పాడు. వాళ్ళు తాళం వేసి, ఉన్నపళాన బస్సెక్కారు.

నాగప్ప అరుగు మీద కూలబడ్డాడు. "అన్నం తిని నడుం వాల్చినోన్ని లేపి, వానలో బస్సెక్కిస్తివే వదినా. ఎవురూ సావలేదు గదా, కాఫీ అన్నా పొయ్యి," అన్నాడు.

నేను చూసింది చెబితే ఇంకా నవ్వాడు. కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. శంకర ఎత్తి, విని, నాగప్పకు ఇచ్చాడు. ఈశ్వరప్ప. నాగప్ప వింటూ వింటూ గ్లాసు కింద పెట్టాడు.

మరుసటి రోజు అందరం వెళ్ళాం. పంచ నిలబడి ఉంది. వంటిల్లు నిలబడి ఉంది. పడమటి గోడ ఒక్కటే గూటి కింది నుంచి కూర్చుండిపోయింది. దూలం కొస చాప మీద ఉంది. నాగప్ప ఆ చాపను చూసి బయటికి వెళ్ళి, కల్లంలో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు.

ముందు రోజు గూట్లో దీపం ఎప్పుడు ఆరిందని రత్నమ్మను అడిగాను.

"మా దాయాదులింట్లో సావు మైల గదక్కా. ఆ గూట్లో దీపమే పెట్టలేదు," అంది.

పాత మట్టిగోడ నానితే పడుతుంది. అందులో వింత లేదు. ఈశ్వరప్ప సగం విన్నాడు. అందులోనూ వింత లేదు. ఇల్లు కూలుతుందని నేను నోరు తెరిచి చెప్పి ఉంటే నవ్వుకుని ఇంకో పక్కకు తిరిగి పడుకునేవాణ్ణని నాగప్పే అన్నాడు. అదీ అర్థమవుతుంది. కానీ అక్కడా ఇక్కడా లేని దీపం నాకెట్లా కనిపించింది? అది ఆరిపోవడం నేనెట్లా చూశాను? ఇన్నేళ్ళు ఆలోచించాను, తెగలేదు. నాకు తెలిసినవాళ్ళలో చెప్పగలిగినవాళ్ళూ లేరు.

ఆ ఇల్లు కంప్యూటర్‌లో అట్లాగే ఉందని, తెరిచి చూపిస్తానని శంకర ఒకసారి అన్నాడు. వద్దన్నాను.

"భయమా అత్తా?" అన్నాడు.

భయమే అన్నాను.