ఆ పేజీ చూసిన తేదీ

నలభై ప్రాజెక్టు రిపోర్టులు దిద్దాక కోప్పడడానికి కూడా ఓపిక ఉండదు. ఎల్బీనగర్‌లో నేను పాఠాలు చెప్పే పీజీ కాలేజీలో రిపోర్టులు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. నా సంతకం లేనిదే ఆఫీసులో తీసుకోరు. అందరికంటే చివర, మీర్‌పేట్ నుంచి వచ్చే అమ్మాయి తన రిపోర్టు నా ముందు పెట్టింది. నగరంలో పండ్ల వ్యాపారం మీద రాసింది.

"నగరపు పండ్ల టోకు మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉంది" అని మొదటి పేజీలోనే ఉంది. మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయి ఏళ్లయింది. ఆధారం ఏం చూపించిందా అని చివరి పేజీ తిప్పాను. ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలోని ఒక వ్యాసం పేరు, పక్కనే ఆ పేజీ చూసిన తేదీ. ఎనిమిదేళ్ల కిందటిది.

"ఏంటమ్మా ఇది? అప్పటికి నువ్వు హైస్కూల్లో ఉండుంటావు. అప్పుడే చూసేశావా?"

"సీనియర్ అక్క రిపోర్టుల గట్లనే ఉండె మేడం. మారిస్తే తప్పయితదేమో అని ముట్టుకోలే."

"మార్కెట్ అక్కడ లేదని తెలీదా నీకు?"

"ఎందుకు తెల్వది మేడం? మా నాయిన పండ్ల బండి పెడ్తడు. సరుకు కోసం గంత దూరం పోవాలె అని రోజూ పరేషానైతడు. కానీ ఆయన చెప్పింది రిపోర్టుల ఎట్ల రాస్తం?"

ఏడాదంతా చెప్పిన పాఠమే మళ్లీ అందుకున్నాను. ఆ పేజీలను ఎవరైనా మార్చవచ్చు కాబట్టి నువ్వు చూసిన రోజు తేదీయే వెయ్యాలి. వ్యాసం అడుగున ఇచ్చిన అసలు ఆధారాన్ని వెతికి చదివి, దాన్నే చూపించాలి. నాన్నను అడిగి రాసుకుంటే అదీ ఆధారమే. చెబుతూ చెబుతూ ఆ తేదీ దగ్గర ఆగిపోయాను. అది మా పాప పుట్టినరోజు.

ఎనిమిదేళ్ల కిందట ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైపింగ్ సెంటర్‌లో నా ఎంఫిల్ థీసిస్ టైప్ చేయిస్తున్నాను. ఈ గడ్డిఅన్నారం వాక్యాన్నీ, దాని ఆధారాన్నీ ఎవరి వ్యాసంలో నుంచో ఎత్తుకొచ్చాను. "పేజీ చూసిన తేదీ ఏం వెయ్యాలి మేడం?" అని టైపిస్టు అడిగాడు. "ఇవాళ్టిదే వేసెయ్యండి" అన్నాను. కేకు తీసుకుని ఇంటికి పోవాలన్న తొందర నాది. ఆ థీసిస్ ఈ కాలేజీ లైబ్రరీలోనే ఉంది. ఒకరిది చూసి ఒకరు దించుకుంటూ, పిల్లలు ఆ తేదీని తిరిగి నా బల్ల మీదికే తెచ్చారు.

చాలా సిగ్గేసింది. సంతకం పెట్టి పంపిస్తే ఎవరికీ తెలియదు.

"ఈ తేదీ నాదమ్మా" అన్నాను.

అమ్మాయి ముఖం తేటపడింది. "అయితే మీరు చూసిన్రు కద మేడం. ఇంక తప్పేముంది?"

ఆ నమ్మకం చూశాక దాచలేకపోయాను.

"నేనూ చూడలేదు."

అమ్మాయి రిపోర్టు వెనక్కి తీసుకుంది. ఆఫీసు మూసేలోపు ఇంకా రెండు గంటల టైముంది. ఫోన్ తీసి, "నాయినా, జర ఖాళీగున్నవా? నిన్ను కొన్ని అడగాలె" అంది. తెల్లకాగితం ముందుకు లాక్కుని నావైపు చూసింది.

"ఇయ్యాల తేదీ ఎంత మేడం?"